నలభై గళ్ల తెర మీద తెలుగు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పాత కంప్యూటర్లు తుక్కు కొట్లకు పోతున్నాయని మీ జిల్లా అనుబంధంలో వచ్చిన వార్త చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. అలాంటి కంప్యూటర్ ఒకటి నా బల్ల మీద ఉంది. డాబాగార్డెన్స్‌లో ఒక రిపేరు షాపులో మూలన పడి ఉన్న ల్యాప్‌టాప్ అది. బ్యాటరీ చచ్చిపోయింది, ఛార్జర్ వైరు ఊడితే ఆగిపోతుంది. ర్యామ్ 2 జీబీ. ఇప్పటి వెబ్‌సైట్లు దాని మీద తెరుచుకునేసరికి నేను టీ కాచుకుని రావచ్చు. అదే మెషీన్ మీద నాలుగు నెలలుగా రోజూ సాయంత్రం వీడియోటెక్స్ సేవలు చూస్తున్నాను. టెలిఫోన్ తీగ మీద అక్షరాల పేజీలను తెరకు పంపే పాత పద్ధతి అది. పేజీ కళ్ల ముందు చకచకా గీసుకుంటూ వస్తుంది. అందులో ఇంగ్లీషు ఉంది, ఫ్రెంచి ఉంది, తెలుగు లేదు. తెలుగు పెట్టవచ్చు. దానికి మన విశాఖ పిల్లల సాయం కావాలి. ఉత్తరం పొడుగవుతుంది, దయచేసి కుదించకండి.

నేను 1978లో తంతి తపాలా శాఖలో టెలిగ్రాఫిస్టుగా చేరాను. మోర్సు మీట మీద పదిహేనేళ్లు, ఆ తర్వాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మిగతా సర్వీసు. పెళ్లిళ్ల సీజన్‌లో గ్రీటింగ్ టెలిగ్రాములు ఎలా పంపేవాళ్లమో ఇప్పటి పిల్లలకు తెలియదు. శుభాకాంక్షల వాక్యాలన్నీ ముందే అచ్చువేసి వాటికి నంబర్లు ఇచ్చేవారు. పంపేవాళ్లు కౌంటర్ దగ్గర పట్టికలో నంబరు చూసుకునేవారు. తీగ మీద మేము ఆ నంబరే కొట్టేవాళ్లం. అవతలి ఊళ్లో వాక్యం మొత్తం కాగితం మీదకి వచ్చేది. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయిన రోజు నేను ఎక్స్ఛేంజీ డ్యూటీలో ఉన్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

వీడియోటెక్స్ కూడా నంబరు కొడితే పేజీ వచ్చే పద్ధతే. బ్రిటన్‌లో పోస్టాఫీసు శాఖ 1979లో ప్రెస్టెల్ అనే పేరుతో దీన్ని జనానికి ఇచ్చింది. ఇంట్లో టీవీ, ఇంట్లో టెలిఫోన్, మధ్యన టెలిఫోన్ తీగ మీద సంకేతాలు మోసే మోడెమ్ అనే పెట్టె. నక్షత్రం గుర్తు కొట్టి, పేజీ నంబరు కొట్టి, హ్యాష్ కొడితే ఆ పేజీ తెర మీదకు వస్తుంది. ఫ్రాన్స్‌లో 1982 నుంచి మినిటెల్ అని, తెర, మీటలు ఉన్న బుల్లి టెర్మినళ్లు టెలిఫోన్ శాఖే ఇంటింటికీ ఉచితంగా ఇచ్చింది. అచ్చు వేసే టెలిఫోన్ డైరెక్టరీకి బదులుగా వాటిని ఇచ్చారు. రైలు టికెట్లు, బ్యాంకు లెక్కలు, పరీక్ష ఫలితాలు అన్నీ దానిలోనే చూసుకున్నారు. 2012 జూన్ 30న అది మూతపడింది. జర్మనీలో బిల్డ్‌షిర్మ్‌టెక్స్ట్, జపాన్‌లో క్యాప్టెన్ కూడా ఈ కోవవే.

తెర మీద 24 వరుసలు, వరుసకు 40 అక్షరాలు. మొత్తం 960 గళ్లు. మోడెమ్ సెకనుకు 1200 బిట్లు దింపుకునేది, అంటే అక్షరానికి పది బిట్ల చొప్పున 120 అక్షరాలు. నిండు పేజీ రావడానికి 8 సెకన్లు. పైకి పంపేది సెకనుకు 75 బిట్లే, ఏడు అక్షరాల చొప్పున. మనిషి వేళ్లతో కొట్టేది అంతకంటే ఎక్కువ ఉండదు కనుక చాలేది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు నాకు మా పాత తీగ వరసే గుర్తొచ్చింది. ఉన్న సన్నని దారిలో ఎంత అవసరమో అంతే పంపడం. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే వంద కిలోబైట్ల శుభోదయం బొమ్మ ఒక్కదానిలో ఇలాంటి పేజీలు నూరు పడతాయి.

మూతపడిన వాటిని ఇప్పుడు ఎలా చూస్తున్నావని అడగవచ్చు. పాత కంప్యూటర్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు విదేశాల్లో ఆ సేవలను మళ్లీ కొత్తగా రాసి ఇంటర్నెట్ మీద పెట్టారు. బ్రిటన్ పద్ధతిలో నడిచే టెల్‌స్టార్ అలాంటిదే. మోడెమ్ అక్కర్లేదు, ఇంటర్నెట్ మీద అవతలి కంప్యూటర్‌తో అక్షరాలు ఇచ్చిపుచ్చుకునే టెల్నెట్ మార్గంలో కలవవచ్చు. కలవడానికి కావలసిన టెర్మినల్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్‌లో ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు, లోపలి రాత అంతా మనం చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు.

ఇన్‌స్టాల్ చేయడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను ఆగిపోయిన చోటనే ఇంకొకరు ఆగిపోకూడదు. ముందు ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేయించాను. మినిటెల్ కోసం ఎక్స్‌టెల్ అనే ప్రోగ్రాం డెబియన్ ప్యాకేజీగానే దొరికింది, ఒక్క ఆజ్ఞతో దిగిపోయింది. బ్రిటన్ పద్ధతిని వ్యూడేటా అంటారు, దాని కోసం ఒక చిన్న ప్రోగ్రాం తీసుకున్నాను. అది సోర్స్ రూపంలోనే వస్తుంది, మనమే కంపైల్ చేసుకోవాలి, అంటే మెషీన్ నడపగలిగే రూపానికి మార్చుకోవాలి. మేక్ అని కొట్టగానే ఎర్రర్ల వరద. రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఎన్‌కర్సెస్ అనే, తెర మీద అక్షరాలు అమర్చే లైబ్రరీ ఉంది కానీ దాని డెవలప్‌మెంట్ ఫైళ్లు విడిగా వేసుకోవాలట. అవి వేసుకున్నాక పది సెకన్లలో అయిపోయింది. మొదటి ఎర్రర్ ఒక్కటే చదవండి, మిగతావన్నీ దాని పిల్లలే అని నాకు చెప్పింది మా పక్క వాటా కుర్రాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఇకపై ఈ ఉత్తరంలో కుర్రాడు అంటే అతనే.

తర్వాత ఫాంట్. మామూలు ఫాంటుతో చూస్తే బొమ్మల స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఈ తెర మీద బొమ్మలన్నీ ఒక గడిని అడ్డంగా రెండు, నిలువుగా మూడు ముక్కలు చేసి గీసేవి. ఆరు ముక్కల్లో ఏది వెలిగితే ఆ ఆకారం, మొత్తం 64 ఆకారాలు. అన్ని లిపుల అక్షరాలకూ కోడులు ఇచ్చే పట్టిక యూనికోడ్. 2020లో వచ్చిన యూనికోడ్ 13లో ఈ ముక్కలకు కూడా చోటు ఇచ్చారు. బెడ్‌స్టెడ్ అనే ఉచిత ఫాంటు వేసుకున్నాక తెర నిండుగా వెలిగింది. 1981 నాటి బీబీసీ మైక్రో కంప్యూటర్లో అక్షరాలు గీసిన ఎస్ఏఏ 5050 అనే చిప్పు ఉండేది. ఆ చిప్పు గీతనే ఆ ఫాంటులో మళ్లీ తెచ్చారు. అక్షరాలు పెద్దవి, గుండ్రటివి, నల్లటి తెర మీద పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉంటాయి. నా భార్యకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ పేజీని ఆమె కళ్లజోడు పెట్టుకోకుండా గది అవతలి నుంచి చదివింది.

అసలు టెర్మినల్ ప్రోగ్రాం ఎందుకు, మామూలు టెల్నెట్ సరిపోదా అనుకునేవాళ్ల కోసం ఒక మాట. నేనూ అలాగే మొదలుపెట్టాను. తెర అంతా చెల్లాచెదురైంది. కారణం వెతికితే చాలా బాగుంది. వ్యూడేటాలో ఎస్కేప్ అనే సంకేతం తర్వాత డి వస్తే ఇక్కడి నుంచి నీలం రంగు అని అర్థం. మామూలు టెర్మినల్‌కి అదే సంకేతం ఒక వరుస కిందికి దిగమని చెబుతుంది. ఎస్కేప్ తర్వాత ఎం వస్తే అక్షరాన్ని రెండింతల ఎత్తు చెయ్యమని. మామూలు టెర్మినల్ దాన్ని పై వరుసకు ఎక్కమని అనుకుంటుంది. ఇక 40 గళ్లు నిండగానే కింది వరుసకు వెళ్లాలని సేవ ఆశిస్తుంది, మన కిటికీ 80 గళ్లు ఉంటుంది. రెండు వైపులా తప్పు లేదు, చెప్పే భాష వేరు, వినే భాష వేరు. తీగ పని చేసినవాడిని కనుక ఇది నాకు వెంటనే మనసుకు పట్టింది.

ఇంకొకటి, ప్యారిటీ. అక్షరం దారిలో చెడిందో లేదో తెలియడానికి చేర్చే అదనపు బిట్టు అది. నేను మొదట కలిసిన సేవలో ఏ, బీ, డీ అక్షరాలు చక్కగా వస్తున్నాయి. సీ, ఈ మాత్రం పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి. కాగితం తీసుకుని బిట్లు రాసి చూశాను. ఏ అనే అక్షరం కోడులో ఒకట్లు రెండు, బీలో రెండు, డీలో రెండు. సీలో మూడు, ఈలో మూడు. బేసి వచ్చిన చోట సరి సంఖ్య చేయడానికి ఎనిమిదో బిట్టు వెలిగిస్తున్నారు. టెర్మినల్ దాన్ని అక్షరంలో భాగం అనుకుంటోంది. ప్రోగ్రాంలో ఎనిమిదో బిట్టు తీసేసే సెట్టింగు పెట్టగానే అన్ని అక్షరాలూ కుదిరాయి. డెబ్బై ఏళ్ల వయసులో పెన్సిలుతో ఇది కనిపెట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

ఆఖరి చిక్కు ఎంటర్ మీట. పేజీ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ప్రెస్టెల్ పద్ధతిలో హ్యాష్ గుర్తుకు వాడే కోడు, మన కీబోర్డులో అండర్‌స్కోర్‌ది. కుర్రాడు సోర్స్ ఫైలు తెరిచి ఎంటర్ నొక్కితే ఆ కోడు వెళ్లేలా ఒక్క వరుస మార్చాడు. నా కళ్ల ముందే మార్చి, మళ్లీ కంపైల్ చేసి చూపించాడు. వాళ్ల కాలేజీలో మూడేళ్లుగా చదివిన సి భాషతో బయట పనికొచ్చే మార్పు చెయ్యడం తనకిదే మొదటిసారి అన్నాడు. అందుకే పిల్లల సాయం అడుగుతున్నాను. ఇది వాళ్లకు అందే ఎత్తులో ఉన్న పని.

ఇప్పుడు నా అసలు విషయం. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు నేను మురళీనగర్‌లో మా ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం గాలి ఒక్కసారి ఆగింది, మళ్లీ అవతలి దిక్కు నుంచి మొదలైంది. సాయంత్రానికి మా వీధిలో నిలబడిన చెట్టు లేదు. కరెంటు ఎన్నో రోజులు లేదు. సెల్‌ఫోన్లు మూగబోయాయి. మా అక్క పెదగంట్యాడలో ఉండేది. ఆమె క్షేమంగా ఉందని నాకు మూడో రోజు మనిషి వచ్చి చెబితే తెలిసింది. పాలు ఎక్కడ దొరుకుతాయి, మంచినీళ్ల ట్యాంకరు ఏ వీధికి వస్తుంది, ఏ రోడ్డు తెరిచారు, ఈ నాలుగు మాటల కోసం జనం కాలినడకన తిరిగారు. సంపాదకుల వారూ, ఆ నాలుగు మాటలు 960 గళ్లలో పడతాయి. నా జీవితం అంతా చిన్న సందేశాలు మోయడంలోనే గడిచింది. నా ఊరికి చిన్న సందేశం కావలసిన రోజున నా చేతిలో ఏదీ లేకపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

నెట్ మొత్తం పోతే ఇదీ పోతుంది కదా అని కుర్రాడు అడిగాడు. నిజమే. అందుకే మేము దాన్ని ఇంటర్నెట్ మీద ఆధారపడకుండా చేశాం. చిన్న రాస్‌ప్‌బెర్రీ పై అనే కంప్యూటర్ బోర్డు మీద కుర్రాడు పైథాన్‌లో పేజీలు పంపే ప్రోగ్రాం రాశాడు. దానికి ఒక వైఫై రౌటర్, ఒక 12 వోల్టుల బ్యాటరీ. మా మేడ మీద పెడితే వీధి చివరి ఇంటిదాకా అందుతోంది. ఎవరి పాత ల్యాప్‌టాప్ అయినా, టెర్మినల్ యాప్ ఉన్న ఫోన్ అయినా దానికి కలవవచ్చు. వార్డు సచివాలయానికి ఒకటి పెడితే ఆ వార్డు కబురు ఆ వార్డులో తిరుగుతుంది. కాస్త సిగ్నల్ మిగిలి ఉంటే, వెబ్‌సైటు తెరుచుకోని ఆ బలహీనమైన సిగ్నల్ మీద కూడా వెయ్యి బైట్ల పేజీ దిగుతుంది.

దాన్ని పెదజాలరిపేటకు తీసుకెళ్లి చూపించాను. వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దావిడ తెర చూసి, "ఏటి బాబూ, పాత టీవీ నాగుంది, బాగా అవుపడతంది. మరి ఇంగిలీసు మేమెలా సదువుతాం?" అంది. ఆ ప్రశ్నకు ఇంకా నేను పూర్తిగా జవాబు చెప్పలేకపోయాను.

ఎందుకంటే తెలుగు ఈ గళ్లలో ఇమడడం లేదు. ఇంగ్లీషులో ఒక అక్షరం, ఒక గడి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, పక్కన కొమ్ము. నా ల్యాప్‌టాప్ టెర్మినల్ "కి" రాస్తే ఒక గడి ఇస్తోంది, "కు" రాస్తే రెండు గళ్లు ఇస్తోంది. యూనికోడ్‌లో గుడిని చోటు తీసుకోని గుర్తుగా, కొమ్మును చోటు తీసుకునే గుర్తుగా రాసుకున్నారు, సున్నానీ కొమ్ములాగే. "విశాఖపట్నం" మనకు ఐదు అక్షరాలు. తెర ఏడు గళ్లు కేటాయించింది. "స్త్రీ" ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు కోడులు, 18 బైట్లు, తెర మీద మూడు గళ్లు. ఆ తర్వాత వచ్చే ప్రతి అక్షరమూ తన చోటు తప్పుతుంది. ఎంఎల్‌టర్మ్ అనే టెర్మినల్‌లో భారతీయ లిపులు చాలా మెరుగ్గా వస్తాయి, కానీ అది వీడియోటెక్స్ రంగులు, బొమ్మలు ఎరుగదు.

దారి లేదా అంటే ఉంది. జపాన్ వాళ్లకు మనకన్నా పెద్ద కష్టం, వేల కొద్దీ కంజి అక్షరాలు. క్యాప్టెన్‌లో వాళ్లు అక్షరాల బొమ్మలనే చుక్కలుగా కేంద్రం నుంచి పంపారు. యూరప్ పద్ధతిలో కూడా డీఆర్‌సీఎస్ అని ఒక ఏర్పాటు ఉంది. సేవ నడిపేవాళ్లు తమకు కావలసిన అక్షర రూపాలను ముందుగా టెర్మినల్‌కు పంపి, ఆ తర్వాత వాటితో పేజీ రాయవచ్చు. మన తెలుగు టైపు మిషను కూడా ఈ సమస్యను ఎప్పుడో దాటింది. ఒత్తు మీట కొడితే క్యారేజీ కదలదు, అక్షరం కిందనే ఒత్తు పడుతుంది. మా ఆఫీసులో తెలుగు టైపిస్టు ఒకావిడ ఉండేవారు. ఆమె వేళ్ల వేగం చూసినవాళ్లెవరూ తెలుగు యంత్రానికి లొంగదని అనరు.

మేము ప్రస్తుతం అక్షరానికి నాలుగు గళ్లు ఇస్తున్నాం. అడ్డంగా రెండు, నిలువుగా రెండు. అప్పుడు తెర మీద వరుసకు 20 చొప్పున 12 వరుసలు, మొత్తం 240 అక్షరాలు. తక్కువ అనిపించవచ్చు. ఒకసారి లెక్కపెట్టి చూడండి: "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. రేవులో మూడో నంబరు హెచ్చరిక." ఇది రెండు వరుసల్లో పట్టింది, ఇంకా పది వరుసలు మిగిలాయి. నాలుగు గళ్లు కలిస్తే 24 చుక్కల వెడల్పు, 20 చుక్కల ఎత్తు వస్తుంది. గ్రాఫు పుస్తకంలో పెన్సిలుతో ఇప్పటికి 61 రూపాలు గీశాను. హల్లులు, తలకట్లు, గుడులు అయ్యాయి. ఒత్తులు సగంలో ఉన్నాయి. "క్ష్మి", "ర్థ్య" లాంటివి ఇరవై చుక్కల ఎత్తులో ఇరుక్కుపోతున్నాయి. నా గీతకు నేర్పు లేదు. సైన్‌బోర్డులు రాసినవాళ్లు, లిపి గీయడం తెలిసినవాళ్లు గీస్తే ఆ ఇరవై చుక్కల్లోనే అందంగా కుదురుతుందని నా నమ్మకం.

అందుకని మీకు నా మనవి. మీ ఆదివారం సంచికలో ఒక పావు పేజీ ఇవ్వండి. 24 అడ్డం, 20 నిలువు గళ్ల చట్రం అచ్చు వేసి, పది కష్టమైన సంయుక్తాక్షరాలు ఇచ్చి, పిల్లలను, పెద్దలను గీసి పంపమనండి. వచ్చినవాటిని ఎవరైనా వాడుకునేలా ఓపెన్ లైసెన్సుతో పెడదాం. ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకులు చివరి సంవత్సరం ప్రాజెక్టుగా దీన్ని తీసుకుంటే ఇంకా మేలు. ఏటా అవే హాజరు పట్టిక యాప్‌లు తయారవుతున్నాయి, వాటి స్థానంలో ఒక తెలుగు టెర్మినల్ తయారవుతుంది. తుక్కుకు పోయే ల్యాప్‌టాప్‌లు మీ వార్తలో ఎన్నో ఉన్నాయి. వాటిలో పదింటిని మాకు ఇప్పించగలిగితే డెబియన్ వేసి, ఫాంటు వేసి, తీర గ్రామాలకు నేనే పట్టుకెళ్తాను.

పేజీ నంబర్ల గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మన రేవుల్లో తుపాను సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. మూడో నంబరు ఎగరేశారు, పదో నంబరు ఎగరేశారు అంటే ఏం చేయాలో జాలరిపేటలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అందుకే మా సేవలో ఒకటి నుంచి పదకొండు దాకా పేజీలను ఆ సూచికలకే ఇచ్చాం. పదో పేజీ దాకా మాటలు రాసుకున్నాం. పదకొండో నంబరు సూచికకు అర్థం తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఆ పేజీ తెర మీదకు వచ్చిన రోజున ఇక బయటి నుంచి వేరే కబురు రాదు. అప్పుడు జనానికి ముందుగా కావలసింది ఏమిటో ఫిషింగ్ హార్బరు పెద్దలు, హుద్‌హుద్ రోజుల్లో వీధుల్లో తిరిగినవాళ్లు మీ పత్రికకు రాసి పంపితే, ఆ మాటలనే అందులో పెడతాను. ప్రస్తుతానికి అది ఖాళీగా ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిగ్రాఫిస్టు,
మురళీనగర్, విశాఖపట్నం